చేతికిచ్చే కానుక, చాటున పెట్టే మందు



మాసబ్ ట్యాంక్ అన్న పేరు మనం రోజుకు ఎన్నిసార్లో అంటాం. బస్సు దిగేటప్పుడు అంటాం, ఆటో అబ్బాయికి దారి చెప్పేటప్పుడు అంటాం. ఆ 'మాసబ్' ఎవరో మాత్రం చాలామంది ఆలోచించరు. అది 'మా సాహెబా'. అమ్మగారు అన్నమాట. గోల్కొండ సుల్తాను ముహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు హయాత్ బక్షీ బేగంను జనం అలా గౌరవంగా పిలిచేవారు. తండ్రి సుల్తాను, భర్త సుల్తాను ముహమ్మద్, కొడుకు సుల్తాను అబ్దుల్లా. ముగ్గురు సుల్తానుల ఇంటి ఆడపడుచు పేరు చెరువుకు వచ్చింది, చెరువు పోయాక పేటకు మిగిలింది.

ఇవాళ నేను చెప్పబోయేది చెరువుల సంగతి కాదు. ఆవిడ తండ్రిగారి సంగతి కొంచెం, వలపు కానుకల సంగతి ఎక్కువ. ముహమ్మద్ కులీ 1580లో గద్దెనెక్కాడు, 1591లో హైదరాబాదు నగరానికి పునాది వేశాడు, 1612లో కన్నుమూశాడు. ఆయన కేవలం రాజు కాదు, దక్కనీ భాషలో ప్రేమ కవిత్వం చెప్పిన కవి. వసంతం మీద, వానకాలం మీద, పండుగల మీద, పూల మీద, తన ప్రియురాండ్ర మీద రాశాడు. భాగమతి కథ మీకు తెలియనిది కాదు. అది నిజమేనని చెప్పేవారున్నారు, హెచ్.కె. షేర్వాణీ వంటి చరిత్రకారులు కట్టుకథ అన్నారు. నిజమో కథో గాని, ఒక ఊరు పుట్టుకను వలపుతో ముడిపెట్టి నాలుగు వందల ఏళ్లుగా చెప్పుకోవడం మన ఊరివారికి ఇష్టం. అలాంటి ఊళ్లో కూర్చుని వలపు కానుకల మాట మాట్లాడుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు.

ఇప్పుడు ఫిబ్రవరి వస్తే పిల్లలు ఎర్ర గులాబీలు, చాకొలెట్టు డబ్బాలు కొంటున్నారు. పెద్దవాళ్లు 'మన కాలంలో ఇవన్నీ ఎక్కడున్నాయమ్మా' అంటున్నారు. ఉన్నాయి. వందల ఏళ్లుగా ఉన్నాయి. కాకపోతే అవి అంగట్లో దొరికే డబ్బాలు కావు. ఆకూ, పువ్వూ, వేరూ, గంధం, చక్కెర కలిపి ఇంట్లో తయారైన వస్తువులు. వాటితోపాటు ఇంకో రకం కూడా ఉంది. చాటుగా పెట్టే మందు. ఈ రెండింటికీ తేడా తెలుసుకోవడమే ఇవాళ్టి మన ప్రసంగం.

ముందు తాంబూలం చూడండి. మనకు దేవుడి దగ్గరా తాంబూలమే, పేరంటంలోనూ తాంబూలమే, పెళ్లి ఖాయమైతే తాంబూలాలు పుచ్చుకోవడమే. ఇన్ని పనులు చేసే ఆకు ఇంకొకటి లేదు. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 'మానసోల్లాసం' అని ఒక పెద్ద గ్రంథం రాయించాడు. ఆ కాలంలో మన తెలంగాణలో చాలా భాగం కల్యాణి వారి ఏలుబడిలోనే ఉండేది. అందులో రాజు అనుభవించవలసిన భోగాలను వరసగా చెబుతూ, తాంబూలానికి ఒక అధ్యాయం, ఒంటికి పూసుకునే గంధాలకు ఒక అధ్యాయం కేటాయించారు. వంటకాలకు ఎంత శ్రద్ధో ఆకు మడుపుకూ అంత శ్రద్ధ. తాంబూలానికి పదమూడు గుణాలున్నాయని చెప్పే పాత శ్లోకం మన పెద్దవాళ్లలో చాలామందికి నోటికి వచ్చు.

1443లో విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ ఈ ఆకును చూసి ఎంత ఆశ్చర్యపోయాడంటే, దాని మహిమ గురించి ప్రత్యేకంగా రాసుకున్నాడు. రాజుగారికి అంతమంది రాణులుండటానికి ఈ ఆకు ఇచ్చే ఉత్సాహమే కారణమేమో అనేదాకా వెళ్లాడు పాపం! పరాయి దేశం వాడికి అలా తోచింది. మన ఇళ్లల్లో మాత్రం ఆకు ఉత్సాహానికి మందు కాదు, మాటకు మొదలు. పెళ్లయిన కొత్తలో వధూవరుల చేత తాంబూలపు చిలకలు చుట్టించి ఒకరికొకరు ఇప్పించడం మన ఆచారం. నిన్నటిదాకా ముఖం కూడా చూసుకోని ఇద్దరికి చేతులు తగలడానికి అదొక నెపం. చుట్టూ ఆడపడుచులు వేళాకోళాలాడుతుండగా, పదిమంది ఎదుట, ఇదిగో అని చేతిలో పెట్టే కానుక అది. ఈ 'పదిమంది ఎదుట' అన్న మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇక గంధాల సంగతి. కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. అంతకు ముందు రాజులు గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాగేసుకునేవారట. ప్రాణం కంటె ఎక్కువగా చూసుకునే సొమ్మును అలా పోగొట్టుకోకూడదని, న్యాయమైన సుంకం తప్ప ఇంకేమీ పుచ్చుకోమని గణపతిదేవుడు అభయమిచ్చాడు. సుంకం కట్టవలసిన సరుకుల పట్టికలో ఏమున్నాయో చూడండి: మంచిగంధం, కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, జవ్వాది, ముత్యాలు, పట్టుదారం, పోకలు. అంటే ఇంటి ఆడవాళ్ల పెట్టెలో ఉండే సువాసనలన్నీ సముద్రం దాటి వచ్చినవే. ఒక చక్రవర్తి శాసనంలో పన్నీరు పేరు రాతిమీదికి ఎక్కిందంటే దాని వ్యాపారం ఎంత ఉండేదో ఊహించుకోండి.

తరువాత కొండవీటి రెడ్ల కాలం. కుమారగిరి రెడ్డి పదునాలుగో శతాబ్దం చివర రాజ్యం చేశాడు. ఏటేటా వసంతోత్సవం జరిపి, కర్పూరం వెదజల్లించి 'కర్పూర వసంతరాయడు' అని బిరుదు పొందాడు. ఆ ఉత్సవాలకు కావలసిన సుగంధాలు సరఫరా చేసినవాడు అవచి తిప్పయసెట్టి. దూరద్వీపాల నుంచి కర్పూరం, కస్తూరి, చీనా నుంచి పట్టు తెప్పించేవాడు. శ్రీనాథ మహాకవి 'హరవిలాసం' కావ్యాన్ని అంకితమిచ్చింది ఏ రాజుకో కాదు, ఈ సుగంధాల వ్యాపారికే! సి.నారాయణరెడ్డిగారి 'కర్పూర వసంతరాయలు' ఈ కుమారగిరి కథే.

రాజుల సంగతి అలా ఉంచండి. మన బోటివాళ్లకు కస్తూరి ఎక్కడ దొరికేది? అందుకని ఆడవాళ్లు పెరట్లో దొరికేదానితోనే సరిపెట్టుకున్నారు. దవనం, మరువం, వట్టివేరు, కచ్చూరాలు, బావంచాలు. నలుగుపిండిలో అవి, తలనూనెలో అవి, బట్టల పెట్టెలో అవి. చైత్రమాసంలో దేవుళ్లకు దవనంతో పూజ చేసే ఆచారం ఉంది. ఆ నెల శుద్ధ త్రయోదశిని అనంగ త్రయోదశి అని మన్మథుడి పేరుతోనే పిలుస్తారు. పేదింటి పిల్ల జడలో దవనం రెబ్బ పెట్టుకుంటే రాణిగారి కస్తూరికి తీసిపోదు. వాత్స్యాయనుడు కామసూత్రాల్లో చెప్పిన అరవైనాలుగు కళల్లో మాలలు కట్టడం ఒకటి, సుగంధాలు కూర్చడం ఒకటి. అంటే ఇవి తెలిసి ఉండటం చదువులో భాగం అనుకున్నారు ఆ కాలం వారు.

మన దక్కనులో సుల్తానులు వచ్చాక ఈ విద్యకు ఇంకో పాయ కలిసింది. మాండూ సుల్తాను ఘియాస్ షా కాలంలో, అంటే పదిహేనో శతాబ్దం చివర, 'నియమత్‌నామా' అని బొమ్మలతో ఒక వంటపుస్తకం తయారైంది. అందులో సమోసాలూ షర్బత్తులతోపాటు అత్తర్లూ, తాంబూలాలూ, బలం ఇచ్చే లేహ్యాలూ అన్నీ కలిపే ఉన్నాయి. బీజాపూరులో రెండవ ఇబ్రహీం ఆదిల్ షా కాలంలో 'ఇత్ర్-ఎ-నౌరస్ షాహీ' అని సుగంధాల మీదే ఒక గ్రంథం వచ్చింది. గోల్కొండ, బీజాపూరు ఇళ్ల మధ్య పిల్లనిచ్చి పుచ్చుకోవడాలుండేవి. పెళ్లికూతుళ్లతోపాటు అలవాట్లూ ఇటూ అటూ వెళ్లాయి. గులాబీరేకలూ చక్కెరా ఎండలో మగ్గబెట్టే గుల్కంద్ అలాంటిదే. గుల్ అంటే పువ్వు, కంద్ అంటే చక్కెర, పారశీక మాటలు. అది మన తమలపాకులోకి వచ్చి కూర్చుంది. ఆకు మనది, పువ్వు వాళ్లది. హైదరాబాదు పాన్ అంటే రెండు తెగల చుట్టరికం.

ఇక్కడ పాన్‌దాన్ గురించి ఒక్క మాట. పాతబస్తీ ఇళ్లల్లో పెళ్లికూతురి సామానులో వెండిదో రాగిదో పాన్‌దాన్ తప్పకుండా ఉండేది. మూత తీస్తే చిన్న చిన్న గిన్నెలు: సున్నం, కాచు, పోకలు, ఏలకులు, లవంగాలు. అయితే దానితోపాటు కొన్ని కుటుంబాల్లో 'ఖర్చ్-ఎ-పాన్‌దాన్' అని ఒకటి రాసిచ్చేవారు. పాన్‌దాను ఖర్చు అని పేరే గాని, అది భార్యకు సొంతంగా నెలనెలా ఇచ్చే డబ్బు. దేనికి ఖర్చు పెట్టావని భర్త అడగకూడదు. ఉత్తరదేశంలో 1877లో ఒక మామగారు కాబోయే కోడలికి నెలకు 500 రూపాయలు ఇలా ఇస్తానని పెళ్లికి ముందు రాసిచ్చాడు. పెళ్లినాటికి పిల్లా పిల్లవాడూ ఇద్దరూ మైనర్లు. తరువాత ఆలుమగలకు పొసగక ఆవిడ 1896లో ఇల్లు వదిలి వెళ్లింది. మామగారు డబ్బు ఆపేశాడు. ఆవిడ ఊరుకోలేదు. ఆ కాగితంలో నీ సంతకం లేదు, నీకు అడిగే హక్కు లేదని వాదించారు. కేసు లండనులోని ప్రీవీ కౌన్సిలు దాకా పోయి, 1910లో నవాబ్ హుసేనీ బేగం గెలిచింది. న్యాయశాస్త్రం చదివే పిల్లలు ఇప్పటికీ ఈ కేసు చదువుతారు. వలపు కానుక అనుకున్న పాన్‌దాను, ఆడదాని హక్కుగా కోర్టులో నిలబడింది చూశారా!

ఇప్పుడు రెండో రకానికి వద్దాం. మరులుమందు. మన పల్లెల్లోనూ, పట్నంలో పదో అంతస్తులోనూ కూడా ఈ మాట ఇంకా చెవిన పడుతూనే ఉంటుంది. కొడుకు పెళ్లాం మాట వింటే 'మందు పెట్టింది' అంటారు. భర్త ఇల్లు పట్టకుండా తిరిగితే 'దానికేదో మందు తెచ్చి అన్నంలో కలుపు' అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అటు తిరిగి 'మందు కక్కిస్తాం' అని డబ్బు గుంజేవాళ్లు వేరే. పెట్టే మందుకూ డబ్బే, కక్కించే మందుకూ డబ్బే. నింద మాత్రం ఎప్పుడూ ఆడదాని మీదే.

ఈ ప్రశ్న కొత్తది కాదు. మహాభారతం అరణ్యపర్వంలో సత్యభామ ద్రౌపదిని ఇదే అడిగింది. ఐదుగురు భర్తలు నీ మాట జవదాటరే, ఏం వ్రతం చేశావు, ఏం మంత్రం వేశావు, ఏం మందు పెట్టావు, నాకూ చెప్పమ్మా అంది. మన తెలుగులో ఈ ఘట్టం ఎర్రాప్రగడ రాసిన భాగంలో వస్తుంది. ద్రౌపది జవాబు ఈనాటి డాక్టరు చెప్పినట్టే ఉంటుంది. భార్య మందులూ మంత్రాలూ పెడుతోందని తెలిస్తే, ఇంట్లో పాము ఉన్నట్టు మగవాడు బెదిరిపోతాడు, ఇక శాంతి ఎక్కడిది అంటుంది. అలాంటి మందులు తిన్న మగవాళ్లు ఉబ్బు రోగాలూ, కుష్ఠూ, జడత్వమూ పాలయ్యారని చెబుతుంది. అంటే చాటుమందు పెట్టేది వలపు కోసమైనా, చేసేది విషం పని.

వాత్స్యాయనుడు కూడా తన గ్రంథం చివర వశీకరణ యోగాలు అవీ ఇవీ చెప్పి, ఊరికే వదలలేదు. సందేహం ఉన్నవి, ఒంటికి చేటు చేసేవి, ప్రాణిని చంపి చేసేవి, అశుచి పదార్థాలతో చేసేవి వాడవద్దని తానే హెచ్చరించాడు. పుస్తకం పేరు చెప్పి మందులమ్మేవాళ్లు ఆ చివరి మాట మాత్రం చెప్పరు.

ఇవాళ్టి లెక్కలు చూస్తే ద్రౌపది మాట ఎంత నిజమో తెలుస్తుంది. ఉమ్మెత్త గింజలు మతి చెడగొడతాయి, ప్రాణం కూడా తీస్తాయి. జాజికాయ చిటికెడు పాయసంలో రుచి, ఎక్కువైతే తలతిరుగుడు, వాంతులు, భ్రమ. 2004లో అమెరికాలోని బోస్టన్ నగరంలో దుకాణాల్లో అమ్ముతున్న 70 ఆయుర్వేద తయారీలను పరీక్షిస్తే, 14 టిలో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో బయటపడింది. మూలిక అన్నంత మాత్రాన మంచిదని అనుకోకూడదు. మన దేశంలో 1954లోనే ఒక చట్టం వచ్చింది. దాంపత్య సుఖం పెంచుతామని చెప్పి మందుల ప్రకటనలు ఇవ్వడం ఆ చట్టం కింద నేరం. అయినా గోడల మీద రాతలు మీకూ నాకూ కనబడుతూనే ఉన్నాయి.

నిజం చెప్పాలంటే మన తాంబూలాన్ని కూడా ఇవాళ పాతపద్ధతిలో పొగడలేం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ, పొగాకు లేకపోయినా వక్క క్యాన్సరు తెప్పిస్తుందని 2004లో తేల్చి చెప్పింది. శ్లోకంలో పదమూడు గుణాలున్నాయని ఇంట్లోవాళ్లకు రోజూ వక్క పెట్టడం మంచిపని కాదు. దేవుడి దగ్గర పెట్టండి, పేరంటాలకు ఇవ్వండి, నమలడానికి మాత్రం వక్కా పొగాకూ లేని ఆకు చాలు. ఆచారం పోదు, ఆరోగ్యం నిలుస్తుంది.

మరి ఇంట్లో ఏం చేసుకోవచ్చు అంటారా? రెండు మూడు చెబుతాను, కాగితం పెన్సిలు తీసుకోండి.

గుల్కందుకు బాగా వాసన ఉండే నాటు గులాబీలు కావాలి. పూలబొకేల గులాబీలు వద్దు, వాటిమీద పురుగుమందు కొడతారు. కుండీలో పూసినవైతే శ్రేష్ఠం. పావుకిలో రేకలు కడిగి, నీడన తడి ఆరనివ్వండి. పావుకిలో పటికబెల్లం పొడి చేయండి. తడిలేని గాజుసీసాలో ఒక వరస రేకలు, ఒక వరస పొడి, ఇలా నింపుకుంటూ పోండి. రోజూ ఎండలో పెట్టి, పొడి గరిటెతో కలుపుతూ ఉంటే మూడు వారాలకు ఎర్రగా మగ్గి పాకంలా వస్తుంది. చివర ఏలకుల పొడి కలపండి. లేత తమలపాకులో ఒక చెంచా గుల్కంద్, కాస్త సోంపు, కొబ్బరికోరు వేసి మడిచి లవంగం గుచ్చితే వక్కలేని చిలక సిద్ధం. చక్కెర జబ్బు ఉన్నవారికి మాత్రం ఇది పెట్టకండి. వాళ్లకు ఆకూ సోంపూ ఏలకూ చాలు.

రెండోది సువాసన సంచి. ఎండిన వట్టివేరు, మరువం, దవనం, నాలుగు లవంగాలు పల్చటి మల్లుగుడ్డలో మూటకట్టి బీరువాలో బట్టల మధ్య పెట్టండి. ఆయన ఊరికి వెళ్లేటప్పుడు పెట్టెలో ఒకటి వేయండి. చొక్కా తీసినప్పుడల్లా ఇల్లు గుర్తొస్తుంది. చిన్నపిల్లలకు అందకుండా చూసుకోండి.

మూడోది పాయసానికీ లడ్డుకూ వేసే పచ్చకర్పూరం. ఇక్కడ ఒక జాగ్రత్త. హారతి కర్పూరం వేరు, పచ్చకర్పూరం వేరు. హారతి కర్పూరం ఎక్కువగా టర్పెంటైన్ నుంచి ఫ్యాక్టరీల్లో చేసేది, అది తినేది కాదు. పిల్లలు మింగితే మూర్ఛలు వస్తాయి. నమ్మకమైన దుకాణంలో తినడానికని అడిగి తెచ్చిన పచ్చకర్పూరమైనా ఆవగింజంత చాలు.

ఇవేవీ ఎవరి మనసునూ కట్టిపడెయ్యవు. గుల్కందుకు వశీకరణ శక్తి లేదు. మూడు వారాలపాటు రోజూ సీసా ఎండలో పెట్టి తీసింది మనకోసమే అని తెలిసినప్పుడు కలిగే సంతోషానికి మాత్రం శక్తి ఉంది. చాటుమందు పెట్టే మనిషి ఎదుటివాడి ఇష్టాన్ని అడగదు. చేతికిచ్చే కానుక అడుగుతుంది. తీసుకుంటావా అని అడుగుతుంది, వద్దంటే వెనక్కు తీసుకుంటుంది. అందుకే మన పెద్దలు చిలకలు పదిమంది ఎదుట ఇప్పించారు, మందు గురించి చెవిలో గుసగుసలాడారు. ద్రౌపది చెప్పిందీ అదే. మాటా, మన్ననా, ఇల్లు చూసుకునే తీరూ తప్ప తన దగ్గర వేరే మందు లేదంది.

ఇంకొక్క మాట చెప్పి సెలవు తీసుకుంటాను. పెళ్లిలో చిలకలు వధువు ఒక్కతే చుట్టదు, వరుడూ చుట్టి ఇస్తాడు. ఆ సంగతి పదహారు రోజుల పండుగతోనే మగవాళ్లు మరిచిపోతారు. మీ ఇంట్లో గులాబీరేకలు ఎండబెట్టే రోజు వస్తే, సీసా కలిపే పని ఆయనకు అప్పగించండి. గరిటె తడి లేకుండా తుడవమని మాత్రం ముందే చెప్పండి.